మొగులయ్యకున్న ఒక్క షేర్వానీ

శాలిబండ గల్లీలో మొగులయ్య ఇంట్లో బట్టలకు పెట్టె లేదు, బీరువా మాట అసలే లేదు. గోడకు నాలుగు మేకులుండేవి. రెండు ధోవతులు, రెండు అంగీలు, రెండు పైజామాలు, ఒక తువ్వాలు. వీటన్నిటికీ దూరంగా, చివరి మేకుకు, ఒక నల్ల ఉన్ని షేర్వానీ. ఒక జత ఒంటిమీద ఉంటే ఇంకొక జత దండెం మీద ఉండేది. మగవాడికి ఇంతకంటే ఎందుకని అనేవాడు. ఎక్కువ బట్టలుంటే ఎక్కువ కాపలా కాయాలట. అసలు అతని బాధంతా ఆ కాపలాదే.

ఆ ఇంట్లో గుడ్డ అంత తొందరగా చచ్చేది కాదు. ధోవతి రెండేళ్లు పండుగకు, నాలుగేళ్లు రోజువారీకి. నడుమ చిరిగితే నిలువునా చింపి, అంచులు లోపలికి కలిపి కుట్టి మరో ఏడాది. అది కూడా పోతే తువ్వాళ్లు. తువ్వాలు చిల్లులు పడితే పొయ్యి మీది గిన్నె దించే మసిగుడ్డ. ఆ మసిగుడ్డలోనూ కాస్త గట్టిగా మిగిలిన ముక్కను అతని భార్య ఆగమ్మ బొంతలో కలిపి కుట్టేది. ఆగమ్మకు ఉన్నవి రెండు చీరలు, ఒక పెళ్లిచీర. ఇదంతా పేదరికమే అనుకోవడానికి వీల్లేదు. మొగులయ్యది సర్కారు నౌకరీ, అదాలతులో బంట్రోతు. నడుముకు పట్టా, దాని మీద ఇత్తడి బిళ్ల. కావాలంటే ఇంకో జత కుట్టించుకోగలడు. కుట్టించుకోవాలంటే దర్జీని నమ్మాలి కదా, అక్కడొచ్చింది చిక్కు.

పాత బట్టలు తీసుకుని గాజు గిన్నెలిచ్చే సక్కుబాయి గల్లీలోకి వస్తే అతను తలుపు మూసేవాడు. "మన గుడ్డ పట్కపోయి ఎవనికి అమ్ముతదో, ఎవడు తొడుగుతడో, వాడు ఏం చేస్తడో. రేపు వాడు దొంగతనం చేసి దొరికితే అంగీ ఎవరిదంటరు?" అని ఆగమ్మను భయపెట్టేవాడు. ఆగమ్మ నవ్వాపుకుని, సక్కుబాయికి చెంబెడు నీళ్లిచ్చి పంపేది.

చాకలి కొండల్‌తో అయితే ప్రతి వారం తగువే. కొండల్ పురానాపూల్ కింద మూసీలో ఉతికేవాడు. ప్రతి ఇంటి బట్టకూ మూలన నల్లజీడితో ఒక గుర్తు పెట్టేవాడు. మొగులయ్యకు రెండు చుక్కలు, ఒక గీత. ఆ గుర్తంటే మొగులయ్యకు నమ్మకం లేదు. గుర్తు పెట్టినవాడే మార్చగలడు కదా! ఒకసారి పెళ్లి బారాత్‌లో గుర్రం వెనక నడుస్తున్న ఒక పెద్దమనిషి ఒంటిమీద తన అంగీ కనిపించిందని, కొండల్ దాన్ని కిరాయికిచ్చాడని, చార్మినార్ దాకా జనంలో తోసుకుంటూ వెళ్లి ఆయన కాలరు తిప్పి చూశాడు. అది తన అంగీ కాదు. పెద్దమనిషి కొట్టనైతే కొట్టలేదు గానీ, తిట్టిన తిట్లు మేళం చప్పుడును మించి వినిపించాయి.

మనిషి ఊరికే ఇలా తయారవడు. తొమ్మిదేళ్ల కింద, ఈ నౌకరీ దొరికిన కొత్తలో, మొగులయ్య జీవితంలో మొదటిసారి ఉన్ని గుడ్డ కొన్నాడు. మూడేళ్లపాటు పండుగలకు కొత్తబట్ట మానుకుని కొన్న గుడ్డ. దర్జీ షేర్వానీ కుట్టిచ్చాడు, బాగానే కుదిరింది. నెల తిరక్కుండా ఆ దర్జీయే నల్ల ఉన్ని టోపీ పెట్టుకుని ఎదురొచ్చాడు. అదే నలుపు, అదే నేత. అడిగితే, "ముక్కలు మిగిలినయ్ భాయ్, పారెయ్యమంటవా?" అన్నాడు సిగ్గులేకుండా. ఆ టోపీ మొగులయ్య తలలోంచి ఇక దిగలేదు.

ఆ రోజు నుంచి అతనికి ఒక అలవాటు పట్టుకుంది. తన ప్రతి బట్టలోనూ, ఎవరికీ కనపడని మడతలో, ఎర్ర దారంతో వరుసగా ఐదు చిన్న ముళ్లు వేసుకునేవాడు. షేర్వానీకైతే కింది అంచు మడత విప్పి, లోపల వేసి, మళ్లీ కుట్టేశాడు. ఆ సంగతి ఆగమ్మకు కూడా చెప్పలేదు. చెబితే ఆమె నోటివెంట ఎవరికో జారుతుంది, ఆ ఎవరో ఎర్ర దారం కొనుక్కుంటారు. గుర్తు రహస్యంగా ఉన్నంతవరకే గుర్తు. ఇదీ అతని లెక్క.

యుద్ధం వచ్చింది. యుద్ధం ఎక్కడో జరుగుతుంటే బట్ట ఇక్కడ మాయమైంది. పత్తర్‌గట్టీ దుకాణాల్లో అరలు ఖాళీ. కంట్రోలు బట్ట కోసం చీటీ పట్టుకుని తెల్లారకముందే వరుసలో నిలబడితే, దొరికేది జల్లెడలాంటి గుడ్డ. ఉన్ని అయితే కలలోకి కూడా రావడం మానేసింది. ఊళ్లో ఒక పుకారు మొదలైంది. యుద్ధానికి ముందటి గట్టి గుడ్డ ఎవరి దగ్గరున్నా దర్జీలు, చిరుగు కనపడకుండా దారంతో నేసే రఫూవాళ్లు, ఇస్త్రీవాళ్లు దాన్ని కాజేసి, అచ్చం అలాంటిదే నాసి రకం అంటగడుతున్నారని. ఈ పుకారు శాలిబండలో పదిమంది విన్నారు, తొమ్మిది మంది మరిచిపోయారు. పదోవాడు ఎవరో చెప్పాలా?

సరిగ్గా అప్పుడే అదాలతులో ఒక మాట బయటికొచ్చింది. కొత్త జడ్జీ వస్తున్నాడు. జడ్జీ కూర్చునే ఇజ్లాసు తలుపు దగ్గర నిలబడి వాది ప్రతివాదుల పేర్లు కేకేసే జవాను పని ఖాళీ అవుతోంది. మొగులయ్య తొమ్మిదేళ్లుగా ఆ తలుపు వైపే చూస్తున్నాడు. లోపల కాగితాల కట్టలు మోసేవాణ్ని ఎవరూ చూడరు. తలుపు దగ్గర నిలబడేవాణ్ని ఊరంతా చూస్తుంది, నవాబు పేరైనా సరే వాడి గొంతులోంచే రావాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మొగులయ్య కేకలు సాధన చేసేవాడు. "హాజిర్ హో!" అని అరిస్తే పక్కింటి మేక ఉలిక్కిపడేది.

బంట్రోతుల మీద అజమాయిషీ చేసే నాజిర్ సాబు అందరినీ నిలబెట్టి చెప్పాడు. "కొత్త సాబుకు తలుపుకాడ మనిషి మంచిగ కనపడాలె. శనివారం నేనే చూస్త. ఎవని షేర్వానీకి చిరుగు, అతుకు లేదో వాడే నిలబడ్తడు."

బంట్రోతుల్లో బసవయ్య షేర్వానీ మోచేతుల దగ్గర అతుకులే. ఇంకొకడిది మెడ దగ్గర వెలిసిపోయింది. అందరి చూపూ మొగులయ్య మీద పడింది. తొమ్మిదేళ్లయినా నిన్న కుట్టినట్టుంది అతని షేర్వానీ. ఇంటికి రాగానే విప్పి, దులిపి, ఎండ తగలని మేకుకు వేసి, ఆదివారం ఆదివారం వేపాకు పొగ పెట్టిన బట్ట అది. బసవయ్య మాత్రం, "నీదేనన్నా ఆ తలుపు" అన్నాడు మనస్ఫూర్తిగా. మొగులయ్యకు ఆ మనస్ఫూర్తి మీద కూడా అనుమానమే వచ్చింది.

సోమవారం సాయంత్రం ఇంటికి వస్తుంటే గల్లీ మలుపులో గడ్డి బండి అడ్డంగా నిలబడింది. పక్కనుంచి దూరాడు. బండి చట్రంలోంచి పొడుచుకొచ్చిన మేకు షేర్వానీని పట్టుకుంది. పర్రున చప్పుడైంది. కుడివైపు రొమ్ము కింద, పట్టాకు పైన, సరిగ్గా ఎవరు చూసినా కళ్లు ముందుగా పడే చోట, ఉర్దూ దాల్ అక్షరంలా వంకర చిరుగు. మొగులయ్య నడిరోడ్డు మీద కూలబడ్డాడు. ఆ తర్వాత లేచి, బండివాణ్ని బసవయ్యే పంపాడేమోనని ఒక నిమిషం ఆలోచించాడు.

ఇక రఫూ తప్ప గత్యంతరం లేదు. మొగల్‌పురా వైపు వెళ్లే దారిలో, అబ్దుల్ వాహెద్ చాయ్ హోటల్ పక్కన, అటక మీద పావురాల గూడంత దుకాణంలో బాబూమియా ఉండేవాడు. అరవై దాటిన మనిషి. కళ్లద్దాలకు ఒక వైపు దారం కట్టి చెవికి తగిలించుకునేవాడు. శాలువాలు, షేర్వానీలు, పెళ్లి దుపట్టాలు ఆయన చేతిలో పడితే చిరుగు ఎక్కడుందో కన్నతల్లి కూడా పట్టలేదని చెప్పుకునేవారు. ఆయన పనితనం తెలిసినవాళ్లు ఎవరూ ఆ దుకాణం ముందు నిలబడి కాపలా కాయరు. మొగులయ్య షేర్వానీ ఆయన చేతిలో పెట్టి, మంగళ, బుధవారాలు రెండు పూటలా వచ్చి హోటల్ బల్ల మీద కూర్చుని తొంగిచూశాడు.

"నీ బట్టకు నేను కాళ్లు ఎక్కడ మొలిపిస్తనయ్యా పారిపోనీకి?" అన్నాడు బాబూమియా తల ఎత్తకుండానే.

"ఊకెనే కూసున్న భాయ్. చాయ్ తాగుదామని."

"రెండు దినాలసంది ఒక్క చాయ్ కూడ తాగలే" అన్నాడు లోపలినుంచి అబ్దుల్ వాహెద్.

గురువారం సాయంత్రం షేర్వానీ చేతికొచ్చింది. మొగులయ్య దాన్ని వెలుతురుకు పట్టాడు. చిరుగు లేదు. వేలితో తడిమాడు, గరుకు తగల్లేదు. తిప్పి లోపల చూశాడు, అక్కడా లేదు. దువ్వి, ఇస్త్రీ చేసి ఉంది, నలుపు ఇంకాస్త నిగ్గుతేలింది. వేపాకు వాసన పోయి బొగ్గుల వాసన వేస్తోంది. ఇంకొకడైతే ఆయన చేతులు కళ్లకద్దుకునేవాడు. మొగులయ్యకు అనుమానం పుట్టింది. చిరిగిన గుడ్డ మీద చిరుగు ఆనవాలైనా ఉండదా? ఎక్కడైనా ఇలా జరుగుతుందా?

షేర్వానీ పట్టుకుని ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టి, ఆగమ్మ నీళ్లకు వెళ్లిన సందు చూసుకుని కింది అంచు విప్పాడు. ఎర్ర దారం లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు వేలు పెట్టి వెతికాడు. ఒక్క ముడి లేదు.

ఆ రాత్రి అన్నం తినలేదు. ఆగమ్మ అడిగితే, "ఏం లేదు" అన్నాడు. తొమ్మిదేళ్లుగా తను ఎదురుచూసిన దొంగ ఎట్టకేలకు దొరికాడు. చెప్పలేని కోపం వచ్చింది, దానితోపాటు ఒక రకమైన తృప్తి కూడా. తన అనుమానం నిజమైందని అతనికి లోలోపల సంబరంగానే ఉంది. ఈ మాట చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

శుక్రవారం, జుమ్మా నమాజు అయి జనం మసీదు నుంచి వస్తున్న వేళ, మొగులయ్య షేర్వానీని తెచ్చి బాబూమియా ముందు పడేశాడు.

"ఇది నాది కాదు."

బాబూమియా కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఎవలదంటవు మరి?"

"నాకేం ఎరుక? నాది యుద్ధం ముందటి గుడ్డ. నా దాన్ని ఎక్కడ పెట్టినవో పెట్టినవు, ఇది నా నెత్తికి కట్టినవు. చిరుగు ఏది? చూపెట్టు."

"చిరుగు కనపడకుంట చెయ్యనీకే కదా నాకిచ్చినవ్!"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. ఆ నవ్వుతో మొగులయ్య ఇంకా రగిలిపోయాడు. "నా బట్టల నా గుర్తు, నా నిషానీ ఉంటది. దీంట్ల లేదు."

బాబూమియా సూది కింద పెట్టాడు. "ఏం నిషానీ? చెప్పు. ఉన్నదా లేదా నేను చెప్త."

మొగులయ్య నోరు తెరిచాడు. ఎర్ర దారం అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. చెప్తే ఏమవుతుంది? లోపల ఇంకెన్ని షేర్వానీలున్నాయో, ఈ ముసలాడు వెనక్కి తిరిగి ఒక ఎర్ర దారం కుట్టి, ఇదిగో అంటే? తొమ్మిదేళ్ల రహస్యం పదిమందిలో చెప్పి మళ్లీ మోసపోవాలా? నోరు మూసుకున్నాడు.

"అది చెప్పెటిది కాదు. చెప్తే నువ్వు చెయ్యవా?"

బాబూమియా ముఖంలో నవ్వు పోయింది. నలభై ఏళ్లుగా అదే అటక మీద కూర్చుని, నవాబుల దేవిడీల నుంచి వచ్చిన జరీ శాలువాలు కూడా పోగు తగ్గకుండా అప్పజెప్పిన మనిషి. ఆయన్ను దొంగ అన్నవాడు ఇంతవరకు లేడు. మసీదు నుంచి వచ్చినవాళ్లంతా చూస్తున్నారు.

"ఇంకొక్కటే తొవ్వ ఉన్నది" అన్నాడు నెమ్మదిగా. "రఫూ విప్పితే నీ చిరుగు నీకు కనపడ్తది. కానీ ఇను మొగులయ్యా. పాత ఉన్ని ఇది. ఒక్కపారి విప్పితే అంచులు పట్టు ఇడుస్తయ్. మళ్ల రఫూ కాదు. నేను కాదు కదా, నాకు నేర్పిన ఉస్తాదు లేచొచ్చినా కాదు. అతుకే గతి. రేపు నీకు ముఖ్యమైన పనుందని అన్నవ్."

అబ్దుల్ వాహెద్ హోటల్లోంచి బయటికొచ్చి మొగులయ్య భుజం మీద చెయ్యేశాడు. "నమ్మరాదు భాయ్. ఇంటికి పో."

బతిమాలుతున్నారంటే ఏదో దాస్తున్నారన్నమాటే. మొగులయ్యకు అదే తోచింది. భుజం మీది చెయ్యి దులిపేశాడు.

"విప్పు."

బాబూమియా సన్న సూది తీసుకున్నాడు. షేర్వానీ లోపలి వైపు తిప్పి, ఎవరికీ కనపడని చోటు ఒకటి ఆయన వేలికి మాత్రమే తెలిసినట్టుంది, అక్కడ సూది మొన దించాడు. ఒక దారం, తర్వాత ఇంకొకటి. వెంట్రుకల్లాంటి నల్లటి పోగులు ఆయన ఒళ్లో రాలాయి. రెండు రోజుల పని పది నిమిషాల్లో విడిపోయింది. నున్నని గుడ్డ మీద మొదట ఒక గీత లేచింది, గీత నోరు తెరిచింది, కొన మలుపు తిరిగింది. దాల్ అక్షరం. మేకు లాగినప్పుడు అంటిన తుప్పు మరక కూడా, రఫూ కింద దాగిన అంచున అలాగే ఉంది. ఆయన చెప్పినట్టే అంచులు పోగులు పోగులుగా ఊడిపోయి, వేలంత చిరుగు అరచెయ్యంత రంధ్రమైంది.

"చూసుకో" అన్నాడు బాబూమియా. "నీదేనా?"

ఆయన దాన్ని మడతపెట్టాడు. అంత చిరిగిన బట్టను కూడా అంచులు కలిపి, ముడత పడకుండా మడతపెట్టి రెండు చేతులా ఇచ్చాడు. కోపపడి ఉంటే బాగుండేది. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. మొగులయ్యకు తల కొట్టేసినట్టయింది.

ఇంటి దగ్గర ఆగమ్మ ఆ రంధ్రం చూసి కాసేపు నోట్లో కొంగు కుక్కుకుంది. తర్వాత సూది దారం అందుకుంది. "అతుకుకు ఇదే గుడ్డ కావాలె. లోపటి జేబు పైమడత కొంచెం ఎక్కువున్నది, అది కోస్త" అంది. మొగులయ్య గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. కత్తెర కిరకిరమంది, ఆగింది.

"ఏందయ్యా ఇది? జేబు మడతల ఎర్ర దారం ఉన్నది. ఐదు ముళ్లు ఎవరో మస్తు నిమ్మళంగ వేసిండ్రు. కోసెయ్యాల్నా?"

మొగులయ్య వెనక్కి తిరిగాడు. తన ఎర్ర దారమే. తను వేసిన ముళ్లు కొంచెం ఎగుడుదిగుడుగా ఉండేవి, ఇవి ఒకదాని పక్కన ఒకటి తీర్చినట్టున్నాయి. కింది అంచు నుంచి తీసి, మళ్లీ ముళ్లు వేసి, జేబు మడతలో కుట్టిన చెయ్యి ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

"దారం కొయ్యకు" అన్నాడు.

శనివారం నాజిర్ సాబు వరుసలో నడుస్తూ మొగులయ్య ముందు ఆగాడు. అతుకు మీద వేలు పెట్టి, "అరె, నీదే అనుకున్న కదనయ్యా" అని ముందుకు సాగాడు. ఇంకో బంట్రోతు మెడ వెలిసిన షేర్వానీకి కాటుక రుద్దుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మొగులయ్యను కాగితాల గదికి పంపారు. కట్టలు మోసేవాడి బట్టలు ఎవరూ చూడరు. కొత్త జడ్జీ సాబు ముందు మొదటి పేరు కేక వేసినప్పుడు అతను ఆ గదిలో చెవులొగ్గి విన్నాడు. గొంతు బాగాలేదని అనిపించింది. అది అసూయ కాదు, నిజంగానే బాగాలేదు.

వారం గడిచింది. శుక్రవారం మళ్లీ వచ్చింది. మొగులయ్య అటక ముందు నిలబడ్డాడు. బాబూమియా ఎవరిదో శాలువా మీద వంగి ఉన్నాడు.

"బాబూమియా భాయ్. ఎర్ర దారం జేబుల ఉన్నది."

"అవు, ఉంటది." ఆయన సూది ఆగలేదు. "రఫూకు అదే గుడ్డ దారం కావాలె కదా, కింది అంచు విప్పి తీసిన. ఆడ కనపడ్డది. మళ్ల ఆడ్నే పెడ్దామంటే అంచుల గుడ్డ పల్చగైంది. జేబుల పెట్టింది ఎటు పోతదని జేబుల కుట్టిన. గా దినం నువ్వు అడుగుతున్న నిషానీ గదేనా?"

మొగులయ్య తల ఊపాడు.

"అయ్యో! ఒక్క మాట చెప్తే అయిపోతుండె కదనయ్యా." బాబూమియా ఇప్పుడు తలెత్తాడు. దారం కట్టిన అద్దాల వెనక ఆయన కళ్లలో కోపం కోసం మొగులయ్య వెతికాడు, వెతకడం అతని అలవాటు. దొరకలేదు. "నలభై ఏండ్లసంది మంది బట్టలు విప్పుతున్న. ఎవడు కూడ తన బట్ట లోపట గంత ముద్దుగ ముళ్లేసుకున్నోడు లేడు. గా ముళ్లు చూసి అనుకున్న, ఈయనకు తన గుడ్డ అంటే మస్తు ప్రేమున్నది, ఇసొంటోని బట్ట పాడు చెయ్యొద్దని. అందుకే రెండు దినాలు పట్టింది. లేకుంటే ఒక్క దినం పని."

మొగులయ్య ఆ ముళ్లు ఎందుకు వేశాడో చెప్పాలి. దర్జీ టోపీ గురించి, కొండల్ గురించి, బారాత్‌లో పెద్దమనిషి గురించి, నీలాంటివాళ్ల కోసమే వేశానని చెప్పాలి. చెప్పడానికే వచ్చాడు. అటక అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ప్రేమేనా?" అని అడిగాడు బాబూమియా, సూదిలో దారం ఎక్కిస్తూ.

"అవు భాయ్" అన్నాడు మొగులయ్య. అని, తల దించుకున్నాడు.